వెతికేది వీక్లీ, దొరికేది యాన్యువల్

(బ్రిటిష్ బాలికల కామిక్‌లను గుర్తుపట్టడం, సరిచూడడం, దాచుకోవడం గురించి చేసిన ప్రసంగం పాఠం)

నమస్కారం. వెనక వరసవాళ్లకు వినబడుతోందా? సరే, మొదలుపెడదాం.

ఈ బల్ల మీద రెండున్నాయి చూడండి. ఒకటి ‘బంటీ’ యాన్యువల్. గట్టి అట్ట, దళసరి కాగితం, ముఖచిత్రం మీద 1972 అని అంకె. రెండోది ‘టామీ’ వారపత్రిక, 1979 నాటిది. పల్చటి న్యూస్‌ప్రింటు, మధ్య మడతలో రెండు పిన్నులు, అంచులు టీ ఒలికినట్టు గోధుమరంగుకు తిరిగాయి. చిన్నప్పుడు ఈ కామిక్‌లు చదివినవాళ్లు ఇప్పుడు వాటిని వెతుక్కుంటూ వెళ్తే చేతికి తగిలేది మొదటిది. బ్రిటన్లో పాత సామాన్ల దుకాణాల్లో అదే ఉంటుంది. మన ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద, తూకానికి వచ్చిన ఇంగ్లీషు పుస్తకాల గుట్టలోంచి బయటపడేదీ అదే. సంబరంగా కొని ఇంటికి తెచ్చుకుంటారు. ఆ రాత్రే తిరగేస్తారు. గుర్తున్న కథ అందులో ఉండదు!

జ్ఞాపకం తప్పేమీ కాదు. వాళ్లకు గుర్తున్నది సీరియల్. వారానికి రెండు మూడు పేజీలు, చివర్లో పిల్ల బావిలో పడిపోవడమో, ఉత్తరం తగలబడిపోవడమో. మళ్లీ వారం దాకా ఊపిరి బిగపట్టడం. అది వీక్లీలో వచ్చింది. యాన్యువల్ క్రిస్మస్ కానుక కోసం ఏడాదికోసారి అచ్చయ్యేది కాబట్టి అందులో ఏ కథకాకథ అక్కడే ముగియాలి. అదే పాత్రలుంటాయి, అదే బడి ఉంటుంది, సీరియల్ మాత్రం ఉండదు. వీక్లీ చదివాక చిత్తు కాగితాల్లోకి పోయింది, యాన్యువల్ గట్టి అట్ట పుణ్యమా అని అల్మారాలో మిగిలింది. ఏది ఎక్కడ ఉంటుందో ఈ ఒక్క తేడా తెలిస్తే సగం డబ్బు మిగులుతుంది.

ముందు పేర్లు, కాలాలు కొంచెం వేగంగా చెప్పేస్తాను. 1919లో మొదలైన ‘స్కూల్ ఫ్రెండ్’ లాంటివి బొమ్మల కథలు కావు, అక్షరాల కథల పత్రికలు. అదే పేరుతో 1950 మేలో బొమ్మల వారపత్రిక వచ్చింది. ముసుగులు వేసుకుని తిరిగే ముగ్గురు బడిపిల్లల కథ ‘ది సైలెంట్ త్రీ’ అందులోదే. 1951 నవంబరులో ‘ఈగిల్’ అనే మగపిల్లల కామిక్‌కు చెల్లెలుగా ‘గర్ల్’ వచ్చింది. దాని మొదటి సంచికల ముఖపుటల మీద విమానం నడిపే అమ్మాయిల బృందం ఉండేది. ఆ కథ పెద్దగా పారలేదు, దాని చోట బడి కథ వచ్చింది. స్కాట్లండ్‌లోని డండీ నగరపు డి.సి. థామ్సన్ సంస్థ 1958 జనవరి 18 తేదీతో ‘బంటీ’ని తెచ్చింది, అది 2001 ఫిబ్రవరి దాకా నడిచింది. తర్వాత అదే సంస్థ నుంచి ‘జూడీ’ 1960లో, ‘డయానా’ 1963లో, ‘మ్యాండీ’ 1967లో. కొంచెం పెద్దపిల్లల కోసం ‘జాకీ’ 1964 జనవరిలో. 1970ల మధ్యలో ‘జాకీ’ వారానికి ఆరు లక్షల ప్రతులు దాటింది.

లండన్ వైపు ఐపీసీ (ఇంటర్నేషనల్ పబ్లిషింగ్ కార్పొరేషన్) సంస్థ. 1971 ఫిబ్రవరిలో ‘టామీ’, 1974 మేలో ‘జింటీ’, 1978 ఫిబ్రవరిలో ‘మిస్టీ’. ఈ మూడింటి దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే పోగుచేసేవాళ్లు ఎక్కువ తికమకపడేది ఇక్కడే.

ఆ సంస్థలో ఒక పద్ధతి ఉండేది, దాన్ని అక్కడివాళ్లు ‘హాచ్, మ్యాచ్ అండ్ డిస్పాచ్’ అనేవారు. కొత్త పత్రిక పొదగడం, అమ్మకాలు తగ్గాక ఇంకోదానికి ముడిపెట్టడం, ఆనక పాత పేరును సాగనంపడం. మన భాషలో చెప్పాలంటే పుట్టుక, పెళ్లి, చావు. ‘శాండీ’ 1973లో ‘టామీ’లో కలిసింది. ‘జూన్’ 1974లో కలిసింది. ‘మిస్టీ’ 101 సంచికలు నడిచి 1980 జనవరిలో కలిసింది. ‘జింటీ’ 1981 నవంబరులో కలిసింది. కలిసిన కొన్నాళ్లు అట్ట మీద రెండు పేర్లూ ఉంటాయి, రెండో పేరు క్రమంగా చిన్నదవుతూ ఒక వారం మాయమైపోతుంది. కాబట్టి ‘మిస్టీ’ దయ్యాల కథ ఒకటి గుర్తుండి, 101 సంచికలు తిరగేసినా కనబడకపోతే, తర్వాతి ‘టామీ అండ్ మిస్టీ’ సంచికలు చూడండి. ఇంకో చిక్కు: వీక్లీ పోయాక కూడా ఆ పేరుతో యాన్యువళ్లు వచ్చేవి. ‘మిస్టీ’ వీక్లీ 1980లో ఆగితే, యాన్యువల్ 1986 అంకె దాకా వచ్చింది. ఆ చివరివాటిలో పాత కథల పునర్ముద్రణలు ఎక్కువ. ‘మిస్టీ’ అని చూసి ఎగబడి కొంటే లోపల అంతకుముందు ఎప్పుడో ఇంకో పత్రికలో వచ్చిన కథ ఉండొచ్చు. నన్నడిగితే చివరి రెండు మూడేళ్ల యాన్యువళ్లకు ఎక్కువ ధర పెట్టొద్దు.

‘టామీ’ మాత్రం 1984 జూన్ 23 సంచికతో ఉన్నట్టుండి ఆగిపోయింది. కార్మిక వివాదం. నడుస్తున్న సీరియళ్లు నడుస్తున్నట్టే తెగిపోయాయి. ‘తర్వాతి సంచిక మీ దగ్గర ఉందా’ అని అమ్మకందార్లను వేధించకండి, అది అచ్చే కాలేదు.

ఇక తేదీల సంగతి. వీక్లీకి తేదీ అట్ట మీదే ఉంటుంది, సాధారణంగా శనివారం. పత్రిక దుకాణానికి అంతకు కొన్ని రోజుల ముందే వచ్చేది. యాన్యువల్ లెక్క వేరు. అట్ట మీద 1972 అంటే 1971 చలికాలానికి ముందు దుకాణాల్లోకి వచ్చి, ఆ క్రిస్మస్‌కు కానుకగా వెళ్లింది. ‘పదేళ్లప్పుడు, 1972 క్రిస్మస్‌కు నాకిచ్చిన పుస్తకం’ అని వెతికేవాళ్లు 1973 అంకె ఉన్నదాన్ని అడగాలి. ఈ ఒక్క ఏడాది తేడాతో ఒకే పుస్తకాన్ని రెండుసార్లు తప్పుగా కొన్నవాళ్లున్నారు.

తేదీ అసలు వేయని యాన్యువళ్లూ ఉన్నాయి, ముఖ్యంగా పాతవి. కొన్నిటి మీద సంవత్సరం బదులు వరస సంఖ్య ఉంటుంది. అప్పుడు ఏం చూడాలి? మొదట ధర. 1971 ఫిబ్రవరి 15న బ్రిటన్ దశాంశ నాణేలకు మారింది. అంతకుముందు పౌనుకు ఇరవై షిల్లింగులు, షిల్లింగుకు పన్నెండు పెన్నీలు. పన్నెండు షిల్లింగుల ఆరు పెన్నీలు అని ఒక్కటే ఉంటే మార్పుకు ముందుది. పక్కనే అరవై రెండున్నర కొత్త పెన్నీలు అని కూడా ఉంటే ఆ మార్పు సంధికాలానిది. ఉత్త కొత్త పెన్నీలే ఉంటే తర్వాతది. రెండోది ప్రచురణకర్త పేరు. ‘అమాల్గమేటెడ్ ప్రెస్’ అని ఉంటే 1950ల పుస్తకం లేదా అంతకు పాతది. 1959లో ఆ సంస్థ ‘ఫ్లీట్‌వే’ అయింది, 1960ల చివర్లో ‘ఐపీసీ మ్యాగజీన్స్’ గొడుగు కిందికి వచ్చింది. మూడోది పుస్తక సంఖ్య. తొమ్మిది అంకెల ఎస్‌బీఎన్ బ్రిటన్లో 1967లో మొదలైంది, పది అంకెల ఐఎస్‌బీఎన్ 1970 తర్వాత. ఏ సంఖ్యా లేకపోతే అంతకు పాతదయ్యే అవకాశం ఎక్కువ. నాలుగోది, లోపలి పుటలో పిల్ల రాసుకున్న తేదీ. ‘ఈ పుస్తకం ఫలానావారిది’ అని అచ్చేసిన గీత మీద అత్త పేరూ, ఏ సంవత్సరపు క్రిస్మస్ అన్నదీ ఉంటే అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

అసలు ధరే కనబడకపోతే? లోపలి పుట మూల చూడండి, త్రికోణంగా కత్తిరించి ఉంటుంది. కానుక ఇచ్చేవాళ్లు ధర తెలియకూడదని కత్తెరేసేవారు. అమ్మకందార్లు ఇలాంటిదాన్ని ‘ప్రైస్ క్లిప్డ్’ అంటారు, ధర కొంత తగ్గిస్తారు.

ఇప్పుడు వీక్లీ శరీర నిర్మాణం. ఇది తెలియకపోతే మోసపోతారు, అందుకే కాగితం తెచ్చాను. (వక్త ఎనిమిది తెల్లకాగితాలు ఒకదాంట్లో ఒకటి పెట్టి మడిచి చూపించారు.) 32 పేజీల వీక్లీ అంటే ఎనిమిది పెద్ద కాగితాలు, ఒక్కొక్కటి మడిస్తే నాలుగు పేజీలు. బయటి కాగితం మీద 1, 2, 31, 32 పేజీలుంటాయి. దాని లోపలిది 3, 4, 29, 30. అలా పోతూ పోతూ అన్నిటికన్నా లోపలిది 15, 16, 17, 18. అర్థమైందా? ఇందులోంచి మూడు సంగతులు తేలతాయి.

ఒకటి, మధ్య కాగితం. ‘జాకీ’ లాంటి పత్రికల్లో పాటగాళ్ల పెద్ద బొమ్మలు నడిమి పుటల్లో వచ్చేవి. పిల్లలు పిన్ను లేపి ఊడదీసి గోడకు అంటించేవారు. మధ్య కాగితం పోతే పత్రిక చూపుకు నిండుగానే ఉంటుంది, మడత ఊడదు, పిన్నులు కదలవు. నాలుగు పేజీలు మాత్రం ఉండవు. నడిమి పేజీ తెరిచి ఎడమ వైపు సంఖ్య చూడండి. 32 పేజీల పత్రికలో అది 16, కుడి వైపు 17 కావాలి. 14, 19 కనబడితే నడిమిది పోయినట్టే.

రెండు, చివరి పేజీ. ‘బంటీ’ వెనక అట్ట మీద కత్తిరింపు బొమ్మ వచ్చేది. బంటీ అనే అమ్మాయి బొమ్మ, చుట్టూ ఆమె గౌన్లు, కోట్లు, టోపీలు. ప్రతి బట్టకూ భుజాల దగ్గర మడిచి తగిలించే చిన్న చిన్న నాలికలు. కత్తిరించడానికే ఇచ్చారు కాబట్టి కత్తిరించారు. కత్తిరిస్తే 32వ పేజీతో పాటు దాని వీపున ఉన్న 31వ పేజీ కూడా పోతుంది. అందుకే ఆ సంచికల్లో ఒక కథ చివరి పేజీలో పిల్ల బొమ్మ ఆకారంలో బొక్క ఉంటుంది. వెనక ఆకు మొత్తం చింపేస్తే ముందు అట్ట కూడా వదులవుతుంది, అవి రెండూ ఒకే కాగితం కనుక. ముందు అట్ట ఊగుతోందంటే వెంటనే వెనక్కి తిప్పి చూడండి.

మూడు, కూపన్లు. దుకాణదారుకు ఇచ్చే ‘ఈ పత్రిక నాకోసం పక్కన పెట్టండి’ అన్న చీటీ, నచ్చిన మూడు కథల పేర్లు రాసి సంపాదకులకు పంపే చీటీ. ఐపీసీ పత్రికల్లో ఏ కథ కొనసాగాలో, ఏది ముగించాలో చూసుకోవడానికి ఆ ఓట్లు పనికొచ్చేవి. అగ్గిపెట్టెంత ముక్క. అమ్మకందారు ఫొటోల్లో కనబడదు, అడిగితే గానీ చెప్పరు.

ఉచిత కానుకలు మరో కథ. కొత్త పత్రిక మొదటి సంచికలకు ఏదో ఒకటి అంటించి ఇచ్చేవారు. ‘బంటీ’ మొదటి సంచికకు లేడీబర్డ్ (చుక్కల ఎర్ర పురుగు) బొమ్మ ఉంగరం, ‘జాకీ’ మొదటి సంచికకు జంట హృదయాల ఉంగరం. కానుకతో సహా దొరికితే ధర చుక్కలనంటుంది. దొరికినా జాగ్రత్త, ఉంగరాన్ని అట్టకే ఉంచితే లోహం చెమర్చి కాగితం మీద పచ్చటి మచ్చ వేస్తుంది. విడదీసి చిన్న కవర్లో వేసి పక్కన పెట్టండి. కానుక లేని ప్రతిలో అట్ట పైభాగాన టేపు ఆనవాలో, ఊడబీకినచోట పొర లేచిన గుర్తో ఉంటుంది. అది సహజం, దాన్ని పట్టుకుని బేరం చెడగొట్టుకోవద్దు.

ఇంకొక మాట చెప్పి దాచుకోవడంలోకి వెళ్తాను. ఈ కథలు ఎవరు రాశారు, బొమ్మలు ఎవరు వేశారు అన్నది పత్రికల్లో ఉండదు. పేర్లు వేయడం ఆనవాయితీ కాదు. ‘టామీ’ 1982లో పేర్లు వేయడం మొదలుపెట్టడంతో అప్పటివరకు తెలియని పేర్లు కొన్ని బయటపడ్డాయి. బొమ్మలు వేసినవాళ్లలో స్పెయిన్ వాళ్లు చాలామంది. ప్యూరిటా కాంపోస్ అనే ఆవిడ లండన్ పత్రికకు వేసిన ‘ప్యాటీస్ వరల్డ్’ బొమ్మలు స్పెయిన్లో ‘ఎస్తేర్’ పేరుతో ఇంటింటికీ చేరాయి, ఇంగ్లండ్లో ఆవిడ పేరు ఎవరికీ తెలియదు. అసలు చిత్రాలు ప్రచురణకర్త దగ్గరే ఉండిపోయేవి, ఐపీసీ వైపు వాటిలో చాలా మట్టుకు గల్లంతయ్యాయి. 2016లో రెబెలియన్ సంస్థ 1970 తర్వాతి ఆ పత్రికల హక్కులు కొని ‘మిస్టీ’, ‘జింటీ’ కథలను పుస్తకాలుగా వేస్తోంది. అసలు చిత్రం లేనిచోట ముద్రిత పేజీనే స్కాన్ చేయాలి. అంటే ఎవరి అటక మీదో మిగిలిన న్యూస్‌ప్రింటు ప్రతే మూలప్రతి అయిపోయింది. అందుకే దాన్ని ఎలా ఉంచాలో ఇంత వివరంగా చెబుతున్నాను.

న్యూస్‌ప్రింటు ఎందుకు పాడవుతుంది? చెక్కను రుబ్బి చేసిన కాగితం అది. చెక్కలోని లిగ్నిన్ తీసేయరు. వెలుతురూ గాలీ తగిలితే లిగ్నిన్ రంగు తిరుగుతుంది, ఆమ్లాలు పుడతాయి, ఆ ఆమ్లం కాగితపు పోగుల్ని తెంచుతుంది. వేడీ తేమా ఆ పనిని తొందరపెడతాయి. లండన్లో యాభై ఏళ్లు నిలిచిన ప్రతి మన కాకినాడ ఉక్కపోతలో అంతకాలం నిలవదు. 1947లో మొదలైన ‘చందమామ’ పాత సంచికలు ఇళ్లలో ఏమయ్యాయో చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

మనవాళ్లు చేసే మొదటి పొరపాటు బైండింగు. ఆరు నెలల సంచికలు కలిపి బైండు చేయిస్తే భద్రం అనుకుంటారు. బైండరు మూడు వైపులా అంచు కోస్తాడు. ఈ కామిక్‌లలో బొమ్మ దాదాపు అంచు దాకా ఉంటుంది, మాటల బుడగ సగం తెగిపోతుంది. పక్కనుంచి దబ్బనంతో కుడితే వెన్ను వైపు సెంటీమీటరు మింగేస్తుంది, పెళుసైన పేజీ తెరవగానే కుట్టు వెంబడి విరుగుతుంది. పైగా మైదా బంకలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. మైలుతుత్తం అంటే రాగి లవణం. పురుగు సంగతేమో గానీ, రాగి కాగితం క్షీణించడాన్ని ఇంకా వేగిరం చేస్తుంది. విడి సంచికల్ని విడిగానే ఉంచండి. ఇప్పటికే బైండైనవాటిని మాత్రం విప్పకండి, విప్పడంలో పోయేది ఎక్కువ.

విడి సంచికకు కావలసినవి: పాలియెస్టర్ కవరు ఒకటి, ఆమ్లరహిత అట్టముక్క ఒకటి. అట్టలో కాల్షియం కార్బొనేట్ కలిసినది దొరికితే మేలు, కాగితంలోంచి వచ్చే ఆమ్లాన్ని కొంత అది పీలుస్తుంది. మెత్తగా సాగే పీవీసీ కవర్లు వద్దు. కొన్నాళ్లకు జిడ్డు కక్కి సిరాను తమకు అంటించుకుంటాయి. అమెరికన్ కామిక్‌ల కోసం అమ్మే కవర్లు దాదాపు 17 సెంటీమీటర్ల వెడల్పు, బ్రిటిష్ వీక్లీ అందులో పట్టదు. ముందు పత్రికను కొలిచి, ప్రతి వైపూ అర సెంటీమీటరు వదులు ఉండేలా తీసుకోండి. బిగుతు కవర్లోకి తోస్తే మూలలు మడతపడతాయి, పెళుసు కాగితంలో మడత అంటే విరుపే.

పిన్నులు. ఇనుప పిన్ను తేమకు తుప్పు పడుతుంది, తుప్పు చుట్టూ కాగితం గోధుమరంగై రాలిపోతుంది, చివరికి కాగితాలు పిన్నులోంచి జారిపోతాయి. తుప్పు లేకపోతే పిన్ను ముట్టుకోవద్దు. తుప్పు పడితే తీయాలి. ఆఫీసులో వాడే పిన్ను రిమూవరుతో లాగితే కాగితం కూడా వస్తుంది. నడిమి పేజీ తెరిచి, పిన్ను కాళ్ల కింద పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, మొద్దు చాకు మొనతో ఒక్కో కాలూ మెల్లగా నిటారుగా లేపండి. తర్వాత పత్రిక మూసి, వెన్ను వైపునుంచి పిన్ను వీపును పట్టుకుని తిన్నగా బయటకు లాగండి. పొడి తుప్పును మెత్తటి కుంచెతో దులపండి. మరక పోదు, పోగొట్టాలని చూడకండి. రెండు పిన్నులు పోతే నాలుగు రంధ్రాలు మిగులుతాయి. అవే రంధ్రాల్లోంచి తెల్ల నూలుదారం ఎక్కించి లోపలి వైపు వదులుగా ముడేయండి. కొత్త రంధ్రం పొడవద్దు. అసలు పిన్ను రంధ్రాలే కనబడని సంచిక వస్తే కంగారుపడకండి, అది పిన్ను లేకుండానే అచ్చై వచ్చింది.

చిరుగులు. ఇక్కడ వంటింటి సాయం ఉంది. కాగిత సంరక్షకులు వాడేది గోధుమ పిండిలోని గంజి మాత్రమే, జిగట భాగం తీసేసి. గోధుమ హల్వాకు గోధుమలు నానబెట్టి రుబ్బి పిండుతాం కదా, ఆ గోధుమ పాలు తేటపడ్డాక అడుగున చేరే తెల్లటి ముద్ద, అదే. మైదా అయితే జిగట ఉండిపోతుంది, అంటించినచోట గట్టిపడి పక్కన కాగితాన్ని విరుస్తుంది, పురుగును కూడా పిలుస్తుంది. ఒక వంతు పొడి గంజికి అయిదు వంతుల నీళ్లు, సన్నసెగ మీద ఇరవై అయిదు, ముప్పై నిమిషాలు ఆపకుండా కలుపుతూ ఉడికించాలి. అపారదర్శకంగా ఉన్నది గాజులా మెరిసి, గరిటెనుంచి తీగలా జారాలి. చల్లారాక సన్న జల్లెడలో రెండుసార్లు రుద్ది తీయండి. ఉండలు మిగిలితే చిరుగు మీద బుడిపెలుగా తేలతాయి. ఇది ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులకు మించి ఉండదు, పులిసిన వాసన వస్తే పారేయండి.

అంటించే కాగితం జపనీస్ టిష్యూ, చదరపు మీటరుకు 9 నుంచి 12 గ్రాముల రకం. కత్తెరతో కోయకండి. సెంటీమీటరు వెడల్పున తడి కుంచెతో గీత గీసి చేత్తో చింపండి, అంచు పోగులు పోగులుగా వస్తుంది, అదే పట్టు. న్యూస్‌ప్రింటు మీద అందరూ చేసే తప్పు బంక పల్చగా కలపడం. నీరు కాగితంలోకి పాకి, అందులోని పసుపు రంగును ముందుకు తోసుకుపోయి, ఆరాక చుట్టూ గోధుమరంగు గీత మిగులుతుంది. ఆ గీత చిరుగుకన్నా అసహ్యంగా ఉంటుంది. బంక చిక్కగా ఉండాలి, టిష్యూకు రాసి పాత కాగితం మీద ఒకసారి అద్ది తడి తీశాకే అంటించాలి. పైనా కిందా అంటుకోని పాలియెస్టర్ గుడ్డ, దాని మీద అద్దుడు కాగితం, ఆ పైన కిలో బరువు. పది నిమిషాలకొకసారి అద్దుడు కాగితం మార్చి, గంట తర్వాత చూడండి.

యాన్యువల్‌కు జబ్బులు వేరు. కాగితం దళసరిగా, బరువు తక్కువగా, గాలి నిండినట్టు ఉబ్బుగా ఉంటుంది. పుస్తకం లావుగా కనబడాలని ఆ కాగితం వాడారు. అట్టకూ లోపలి కట్టకూ మధ్య పట్టు లోపలి పుట కాగితమే. అల్మారాలో ఒరిగి నిలబెడితే కట్ట ముందుకు వేలాడి, మొదట లోపలి కీలు చిరుగుతుంది, తర్వాత వెన్ను ఊడుతుంది. నిటారుగా పెట్టి పక్కన ఆనించండి, ఖాళీ ఉంటే థర్మోకోల్ దిమ్మె పెట్టండి. తీసేటప్పుడు వెన్ను పైకొన వేలితో లాగొద్దు. రెండు పక్కల పుస్తకాల్ని లోపలికి నెట్టి నడుం పట్టుకుని తీయండి. ఎండ పడే గోడకు పెడితే వెన్ను మీద ఎరుపే ముందు పోతుంది. ఎర్ర వెన్ను గులాబీ రంగులో కనబడితే అది కిటికీ పక్కన బతికిన పుస్తకమని తెలుసుకోవచ్చు.

తేమ వంద పాళ్లలో 35 నుంచి 50 మధ్య ఉండాలని సంరక్షకుల లెక్క. మన తీరపట్టణాల్లో చాలా నెలలు 70 దాటుతుంది, 65 దాటితేనే బూజుకు పండగ. ఇల్లంతా మార్చలేం, పెట్టెను మార్చగలం. మూత బిగుతుగా పట్టే పెట్టెలో అరకిలో సిలికా జెల్, తేమ కొలత సూచిక చీటీ ఒకటి. రంగు మారే రకం తీసుకుంటే నారింజ రంగు ఆకుపచ్చైనప్పుడు 110 నుంచి 120 డిగ్రీల అవెన్లో రెండు గంటలు వేడిచేసి మళ్లీ వాడొచ్చు. జెల్ కాగితానికి తగలకూడదు, గుడ్డసంచిలో ఉంచండి.

ఫుట్‌పాత్ మీద కొన్నది నేరుగా అల్మారాలో పెట్టకండి. రామబాణం పురుగు, చెద, పుస్తకపు పేలు, ఏదైనా లోపల ఉండొచ్చు. పాలిథిన్ సంచిలో గాలి తీసి గట్టిగా మూసి, ఇంటి ఫ్రీజర్లో, అంటే దాదాపు సున్నాకు 18 డిగ్రీల దిగువన, రెండు వారాలు ఉంచండి. బయటకు తీశాక సంచిని ఒక రోజంతా విప్పొద్దు. చల్లటి కాగితం మీద గదిలోని తేమ చేరి నీరవుతుంది, అంత కష్టపడి ఫ్రీజరు పెట్టి చివర్లో తడిపినట్టవుతుంది.

ఇక మీ ప్రశ్నలు.

ప్రశ్న: పాత సెల్లోటేపు వేసి ఉంది. తీసేయొచ్చా?

పసుపుగా మారి పెళుసై, తనంతట తనే లేస్తుంటే పై పొర తీయండి. లోపలి జిగురు మరక కాగితంలోకి ఇంకిపోయింది, అది రాదు. ఇంకా గట్టిగా పట్టి ఉంటే ముట్టుకోకండి. హెయిర్ డ్రైయర్ వేడితో మెత్తబడుతుందని చెప్తారు, మెత్తబడిన జిగురు పక్కకు పాకుతుంది కూడా. కొత్తగా మాత్రం ఏ టేపూ వేయొద్దు, ‘పుస్తకాల కోసం’ అని రాసి ఉన్నా సరే.

ప్రశ్న: కలరా ఉండలు పెడితే?

వద్దు. మీ ఊపిరితిత్తులకు మంచిది కాదు, ప్లాస్టిక్ కవర్లను పాడుచేస్తుంది, పుస్తకాల్లో ఆ వాసన ఏళ్లు పోదు. పెట్టె పొడిగా ఉంటే పురుగు రాదు.

ప్రశ్న: స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టొచ్చా?

మీకోసం స్కాన్ చేసుకోండి. వెన్ను నొక్కి స్కానరు మీద బోర్లించకుండా, వంద డిగ్రీలకు మించి తెరవకుండా, పైనుంచి కెమెరాతో తీయండి. పేజీ వెనక నల్లకాగితం పెడితే అవతలి వైపు బొమ్మ కనబడదు. ఫైలు పేరులో పత్రిక, ఏడు, నెల, తేదీ, పేజీ ఆ వరసలోనే ఉంటే వాటంతటవే క్రమంలో నిలుస్తాయి. పంచడం వేరే సంగతి. బ్రిటన్లో రచయిత పోయాక 70 ఏళ్లు హక్కు ఉంటుంది, మన దేశంలో 60 ఏళ్లు. రచయిత ఎవరో తెలియకపోతే ప్రచురణ నుంచి లెక్క. 1970ల కథలకు ఎలా చూసినా ఇంకా గడువు తీరలేదు, హక్కుదార్లు ఉన్నారు, పుస్తకాలూ వేస్తున్నారు.

ప్రశ్న: పజిళ్లు పూరించి, రంగులేసి, పేర్లు రాసి ఉన్న యాన్యువల్ కొనొచ్చా? రబ్బరుతో చెరిపేయాలా?

కొనండి, ధర సగం అడగండి, చెరపకండి. న్యూస్‌ప్రింటు మీద రబ్బరు రుద్దితే పై పొర లేచి అచ్చు కూడా పోతుంది. దళసరి కాగితమైనా పెన్సిలు నొక్కిన గాడి ఉండిపోతుంది, మెరిసే మచ్చ వేరుగా. పైగా ధర కత్తిరించిన, తేదీ వేయని పుస్తకానికి ఆ పిల్ల రాసిన ‘1963 క్రిస్మస్’ ఒక్కటే ఆధారం. మైనపు రంగులు వేసిన పేజీ ఉంటే మాత్రం ఎదురు పేజీకి అంటుకుంటుంది. మధ్యలో ఒక ఆమ్లరహిత కాగితం పెట్టండి.

ప్రశ్న: మరి మన వివరాలు, కొన్న తేదీ, సంచిక లోపాలు ఎక్కడ రాసుకోవాలి?

పత్రిక మీద వద్దు. వెనక పెట్టే అట్టముక్క మీద, 2బి పెన్సిలుతో, పత్రికను కవర్లో పెట్టకముందే రాయండి. పెట్టాక పైనుంచి రాస్తే ఆ ఒత్తిడి లోపలి అట్ట మీద గీతగా పడుతుంది. బాల్ పెన్ను అయితే మరీను.